పాతగుడ్డల గది

పాఠము: యిర్మీయా 38:7–13

బబులోను సేన యెరూషలేమును ముట్టడించిన దినములలో యిర్మీయా ప్రవక్తను ఒక గోతిలోనికి దింపిరి. అందులో నీళ్లు లేవు, బురద మాత్రమే యుండెను. ఆయన ఆ బురదలో దిగబడిపోయెను. కూషు దేశస్థుడగు ఎబెద్మెలెకు సిద్కియా రాజు సెలవు పొంది, ముప్పదిమందిని వెంటబెట్టుకొని బయలుదేరెను. అయితే అతడు తిన్నగా గోతియొద్దకు పోలేదు. మొదట రాజనగరులో ఖజానా క్రిందనున్న గదికి పోయి, అక్కడి పాతగుడ్డలను తీసికొనెను. వాటిని త్రాళ్లతో దింపి, చంకల క్రింద పెట్టుకొమ్మని ప్రవక్తతో చెప్పెను. త్రాడు ఒరసికొని ఒళ్లు కోసికొనిపోకుండుటకే ఆ జాగ్రత్త.

ఆ గుడ్డలను ఎవరో పారవేయక ఉంచిరి. అవసరము వచ్చిన దినమున అవి పట్టువస్త్రములకంటె ఎక్కువ పనికివచ్చెను.

మన పెద్దలు ఈ పద్ధతి నెరుగుదురు. పాతచీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టుదురు. చేటకు సందులు పడినయెడల, నానిన కాగితములను మెంతులతో కలిపి రుబ్బి పూయుదురు. ఇత్తడి గిన్నెకు కళాయి పోయినయెడల మరల తగరము పూయింతురు. లేనిచో పులుసు తగిలి చిలుము దిగును. అది కడుపునకు చేటు.

నేడు మనము ప్లాస్టిక్ బకెట్టు పిడి విరుగగానే పారవేయుచున్నాము. అది మట్టిలో కలియదు. కాల్చినయెడల దాని పొగ విషము. అడుగున నాలుగు కంతలు చేసి మన్ను నింపినచో, అందులో కరివేపాకు మొక్క పెరుగును.

ఒక హెచ్చరిక. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను మంచినీళ్లకుగాని నూనెకుగాని గింజలకుగాని వాడరాదు. మందు కలుపునప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారి ట్యాంకులోనే పోయవలెను. తరువాత డబ్బాకు కంతలు చేసి, మరెవరును వాడకుండ చేయవలెను. పొదుపు పేరిట బిడ్డ ప్రాణమును పోగొట్టుకొనరాదు.

ఇంకొక మాట. పొదుపు వేరు, పిసినితనము వేరు. మేము ఏండ్ల తరబడి పెట్టెనిండ పాతచీరలు దాచియుంచితిమి. ఒక చలికాలమున పొరుగు ముసలమ్మ వణకుట చూచి, మా యింటివారు వాటిలో నాలుగు తీసి బొంత కుట్టి యిచ్చిరి. ఆమె సంతోషముతో కప్పుకొని, “ఈ చీరలు పోయిన చలికాలంలో కూడా మీ యింట్లోనే ఉన్నాయా, అయ్యగారూ?” అని అడిగెను. మాకు నోట మాట రాలేదు.

ఖజానా క్రింది గుడ్డలు గదిలో ఉన్నంతకాలము ఎవరిని రక్షింపలేదు. ఒకడు వాటిని జ్ఞాపకము చేసికొని బయటికి తెచ్చినప్పుడే రక్షించెను.

ఇంట ఆలోచించుటకు:
1. ఈ వారము మన యింట బాగుచేయదగిన వస్తువేది?
2. మనము దాచినదానిలో ఇప్పుడే పొరుగువారికి కావలసినదేది?