బడిలో చేరిన బిడ్డ బడిలో నిలుచుట ఎట్లు?

ప్రతి సంవత్సరము జూన్ మాసమున బడులు తెరచిన వెంటనే ఎందరు పిల్లలు చేరిరను లెక్క గ్రామమున వినబడును. ఆ లెక్క అవసరమైనదే. కాని దానితోపాటు రెండవ లెక్క యొకటి కలదు. చేరినవారిలో సంక్రాంతినాటికి ఎందరు మిగిలిరి? మానినవారు ఏ వీధివారు, ఏ గూడెమువారు, ఏ తండావారు? ఈ రెండవ లెక్కను అడుగు పంచాయతీ సభ్యుడు తన గ్రామమునకు చేయు మేలు చిన్నది కాదు.

బడి మానిన పిల్లలను గూర్చి "వారికి చదువుపై శ్రద్ధ లేదు" అనియో, "తల్లిదండ్రులు పట్టించుకొనరు" అనియో చెప్పుట వాడుకయైనది. పేదరికము, ఇంటిపని, బడి దూరము కారణములగుట నిజమే. కాని బడిలోపలనే పుట్టు కారణములు మూడు కలవు. ఉపాధ్యాయుని మాట అర్థము కాకపోవుట మొదటిది. తోటివారితో సమానముగా కూర్చుండి భుజింపలేకపోవుట రెండవది. భయము మూడవది. వీనిని తొలగించుటకు ధనముకంటె శ్రద్ధ ఎక్కువగా కావలెను. కనుకనే ఇవి పంచాయతీల చేతిలోని పనులని మేము చెప్పుచున్నాము.

మాట అర్థమగుట

మన రెండు తెలుగు రాష్ట్రములలోను పుట్టిన పిల్లలందరి ఇంటిభాష తెలుగు కాదు. కోయ, గోండి, కొలామి, కొండ, కువి భాషలు తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు చెందినవైనను తెలుగు కావు. బంజారాలు మాట్లాడు లంబాడీ భాషయు, ఆదివాసీ ఒరియాయు ఉత్తరదేశపు భాషల కుటుంబమునకు చెందినవి. సవర భాష ముండా కుటుంబములోనిది; తెలుగుతో దానికి చుట్టరికమే లేదు. ఆరేండ్ల సవర బాలిక మొదటి దినమున బడిలో కూర్చుండినపుడు ఆమెకు వినబడునది పాఠము కాదు, కేవలము ధ్వని. ఆమె మౌనమును చూచి "మందబుద్ధి" యని తీర్మానించుట ఎంత అన్యాయమో ఆలోచింపుడు. మనలను ఎరుగని భాష మాట్లాడు దేశమున కూర్చుండబెట్టి ప్రశ్నలడిగినచో మనమును మౌనముగనే ఉందుము.

ఈ సంగతిని నూరేండ్లకు పూర్వమే గుర్తించినవాడు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాషకై ఆయన చేసిన కృషి తెలుగువారందరికిని తెలిసినదే. సవరలకై ఆయన చేసిన కృషి అంతగా ప్రచారము పొందలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన ఆయన పట్టుదలతో సవర భాష నేర్చెను. సవర పిల్లలకు వారి భాషలోనే పాఠములు చెప్పు బడులను సొంత వ్యయముతో నడిపెను. 1931లో ఆయన రచించిన సవర వ్యాకరణము అచ్చయ్యెను. జనులకు అర్థమగు మాటలోనే చదువు చెప్పవలెనను ఒకే సూత్రము ఆయన రెండు ఉద్యమములకును మూలము. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ దినమున గూడెముల భాషలకు గూడ బడి వేదికపై చోటిచ్చుట ఆయనకు తగిన గౌరవము.

ఆదిలాబాదు ప్రాంతమున గూడ ఇట్టి ప్రయత్నము జరిగెను. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము మరణించిన తరువాత, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయన సలహాపై 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసెను. గోండి భాషలో వాచకములు తయారయ్యెను. గోండు పిల్లలకు గోండు ఉపాధ్యాయుడు గోండిలో చదువు చెప్పుట అపూర్వ విషయము. ఆ మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారము లభించెను. గూడెమున నేర్పదగిన విద్య యున్నదని ఇంతకంటె నిదర్శనమేల?

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను ప్రారంభించెను. పైన చెప్పిన సవర, కోయ, గోండి, కొలామి, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలే ఆ ఎనిమిది. వాచకములను తెలుగు లిపిలోనే అచ్చు వేసిరి. దీనివలన బిడ్డ తన మాటతో చదువు మొదలుపెట్టి, అదే లిపితో తెలుగులోనికి మెల్లగా అడుగిడగలడు. ఇది వంతెనవంటి పద్ధతి. ఇవతలి గట్టు ఇంటిభాష, అవతలి గట్టు తెలుగు, ఆపై ఇంగ్లీషు.

"ఇంటిభాషలో చెప్పినచో పిల్లలు వెనుకబడుదురు కదా, మాకు తెలుగును ఇంగ్లీషును కావలెను" అని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. వారి కోరిక న్యాయమైనది. దానిని ఎవరును కాదనరు. కాని అర్థమగు భాషలో చదువుటయు వ్రాయుటయు ఒకసారి అలవడినచో రెండవ భాష నేర్చుట సులభమగును. అర్థముకాని భాషలో అక్షరములను వల్లించిన బిడ్డకు ఏ భాషయు నిలువదు. వంతెన కట్టుట నదిని దాటుటకే గాని గట్టున కూర్చుండుటకు కాదని తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను.

ఈ విషయమున చట్టము మనవైపున నున్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కల్పించవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో జరుగవలెనని 2009 విద్యాహక్కు చట్టమును పలుకుచున్నది.

పంక్తి భోజనము

ఆకలితో నున్న బిడ్డకు అక్షరము ఎక్కదు. 1956లో కామరాజు ముఖ్యమంత్రిగా నున్నపుడు మద్రాసు రాష్ట్రమున మధ్యాహ్న భోజన పథకము విస్తృతముగా మొదలయ్యెను. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటను వండిన అన్నమే పెట్టవలెనని ఆదేశించెను. మన రాష్ట్రమున 2003 జనవరిలో ఇది అమలులోనికి వచ్చెను.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసిన కొలతలు ఇవి. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు బియ్యము 150 గ్రాములు, పప్పు 30 గ్రాములు, కూరగాయలు 75 గ్రాములు. మొదటివారికి 450 కేలరీల శక్తియు 12 గ్రాముల మాంసకృత్తులును, రెండవవారికి 700 కేలరీలును 20 గ్రాములును అందవలెనని నిబంధన. చారు పలుచనైనచో ఈ లెక్క తప్పినదన్నమాటే.

అన్నము పెట్టుటతో పని తీరలేదు. ఎవరు వండిరి, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి అనునదియు ముఖ్యమే. వంటవారిని నియమించునపుడు షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని ప్రాధాన్యమీయవలెనని 2004లో సుప్రీంకోర్టు చెప్పెను. ఒక వీధి పిల్లలను వేరుగా కూర్చుండబెట్టుట, కంచములను వేరుగా పెట్టుట, ఫలానివారు వండిన అన్నమని తినకుండ పిల్లలను ఇంటికి పిలుచుకొనుట నేరముతో సమానమగు తప్పులు. వీనిని చక్కదిద్దుటకు ఉపన్యాసముకంటె మంచి మార్గము కలదు. వార్డు సభ్యులు నెలకొకసారి బడికి పోయి, ఆ పంక్తిలోనే నేలపై కూర్చుండి, ఆ వంటనే భుజించవలెను. పెద్దలు కూర్చుండిన పంక్తిలో పిల్లలకు భేదము కనబడదు. వంట రుచియు దానంతట అదే బాగుపడును.

భయము లేకుండుట

విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టుటను మాత్రమే కాదు, మానసికముగా వేధించుటను గూడ నిషేధించినది. బెత్తము కనబడును, మాట కనబడదు. కులము పేరుతో పిలుచుట, గూడెపు యాసను వెక్కిరించుట, నల్లనివాడనియు కుంటివాడనియు పేర్లు పెట్టుట ఈ వేధింపులోనివే. ఇంటిలో పెట్టిన గిరిజన నామమును పలుకుట కష్టమని హాజరు పట్టీలో మార్చివేయుటయు మంచిది కాదు. పేరు బిడ్డకు మొదటి ఆస్తి. భయము, ఆందోళన లేకుండ బిడ్డ తన మనసులోని మాట చెప్పగలుగునట్లు బోధన సాగవలెనని ఆ చట్టమే 29వ సెక్షనులో కోరుచున్నది.

భయమునకు మరియొక రూపమున్నది. బాలికలకు తలుపు గొళ్లెమున్న మరుగుదొడ్డియు, అందులో నీరును లేనిచో పెద్ద తరగతుల బాలికలు నెలకు కొన్ని దినములు బడికి రారు, మెల్లగా మానివేయుదురు. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన త్రాగునీరు ఉండవలెనని చట్టపు అనుబంధమే చెప్పుచున్నది. కుళాయి, పైపు, సెప్టిక్ తొట్టి బాగుచేయుట పంచాయతీకి నిత్యకృత్యమే కదా.

చురుకుగా నున్న బిడ్డ హఠాత్తుగా మాట తగ్గించినను, అన్నము మానినను, ఒంటరిగా కూర్చుండినను దానిని తేలికగా తీసుకొనరాదు. కోపముతో కాక చనువుతో ప్రశ్నింపవలెను. బిడ్డకు ఆపద యున్నదని అనుమానము కలిగినచో బాలల సహాయవాణి 1098కి తెలుపవచ్చును. మనోవ్యాకులతకు సలహా కొరకు 14416 సంఖ్యగల టెలి మానస్ సేవ కలదు. రెండును ఉచితములే. ఈ రెండు సంఖ్యలను బడి గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఒక డబ్బా రంగు చాలును.

వలస వచ్చిన పిల్లలు

తెలంగాణలోని ఇటుక బట్టీలకు ఒడిశా పశ్చిమ జిల్లాలనుండి కుటుంబములు పిల్లలతో సహా వచ్చి, వర్షములకు ముందు తిరిగిపోవుట ప్రతియేట జరుగుచున్నదే. పాలమూరు జిల్లానుండి మనవారు ముంబయి, పుణె నగరములకు పోవుటయు తెలిసినదే. మన బిడ్డ అక్కడ బడి లేక తిరిగినచో మన మనసు ఎట్లుండునో, ఇక్కడి బట్టీలోని ఒడియా బిడ్డ విషయమునను అట్లే ఉండవలెను. వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చుట స్థానిక సంస్థల విధియని విద్యాహక్కు చట్టము 9వ సెక్షను స్పష్టముగా చెప్పినది. వయసు ధ్రువపత్రము లేదని గాని, బదిలీ పత్రము ఆలస్యమైనదని గాని చేర్చుకొనకుండరాదు. బట్టీల వద్ద ఒడియా మాధ్యమమున నడచు బడులను గూర్చి మండల విద్యాధికారిని అడిగి తెలిసికొనవలెను.

పంచాయతీకి గల అధికారము

"బడి ప్రభుత్వముది; మాకేమి అధికారము?" అని కొందరు సభ్యులు అడుగుదురు. 1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్య పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటి. విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున తల్లిదండ్రులు, ఉపాధ్యాయులతోపాటు స్థానిక సంస్థల ప్రతినిధులును ఉందురు. అందు నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులును, సభ్యులలో సగముమంది స్త్రీలును ఉండవలెను. బలహీన వర్గముల తల్లిదండ్రులకు వారి పిల్లల సంఖ్యనుబట్టి చోటు దొరకవలెను. గూడెపు తల్లి ఆ సంఘమున కూర్చుండి, తన భాషలో మాట్లాడి, ఆ మాట తీర్మానముల పుస్తకమునకు ఎక్కిననాడు ఆ చట్టము సార్థకమగును. ఆమెచేత వేలిముద్ర వేయించుకొని పంపివేసినచో అది కాగితముగనే మిగులును.

రాబోవు పంచాయతీ సమావేశమునకు ముందు సభ్యులు ఈ ప్రశ్నలకు జవాబులు సేకరింతురని ఆశించుచున్నాము.

1. మన బడిలో తెలుగు ఇంటిభాష కాని పిల్లలు ఎందరు? వారి భాష తెలిసిన ఉపాధ్యాయుడు గాని, సహాయము చేయగల గ్రామస్థుడు గాని ఉన్నారా?

2. మాతృభాషా వాచకములు మంజూరైన బడియైనచో అవి బడి తెరచిన మాసముననే చేరినవా?

3. గత మూడు మాసములలో మానిన పిల్లలు ఎవరు? వారి ఇంటికి ఎవరు పోయిరి?

4. భోజన సమయమున పిల్లలందరును కలిసి కూర్చుండుచున్నారా? తూకము సరిగా నున్నదా?

5. బాలికల మరుగుదొడ్డిలో నేడు నీరున్నదా?

6. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల నులిపురుగుల మాత్ర పిల్లలందరికిని అందినదా? ఆ దినమున రానివారికి తరువాత వేసిరా?

7. గ్రామపరిధిలోని బట్టీలలోను, గుడారములలోను బడి ఈడు పిల్లలు ఎందరు?

8. దండారి, తీజ్, కొత్తల పండుగవంటి గూడెపు, తండా పండుగల దినములలో పరీక్షలు పెట్టకుండ ముందుగనే ప్రధానోపాధ్యాయునితో మాట్లాడితిమా?

ఈ ఎనిమిదింటిలో కొన్నింటికి పై అధికారుల సహాయము కావలెను. ఉపాధ్యాయుల నియామకము, వాచకముల ముద్రణ పంచాయతీ చేయగలవి కావు. అట్టివానికి తీర్మానము చేసి వ్రాతమూలకముగా పంపి, జవాబు వచ్చువరకు విడువక అడుగవలెను. కాని పంక్తిలో కూర్చుండుట, మరుగుదొడ్డికి నీరు పెట్టించుట, గూడెపు పెద్దను వారమునకొకసారి బడికి పిలిచి కథ చెప్పించుట, మానిన బిడ్డ ఇంటి గుమ్మము ముందు నిలుచుట ఎవరి ఉత్తర్వు కొరకును వేచియుండవలసిన పనులు కావు. వీనిని రేపటినుండియే ప్రారంభింపవచ్చును.