వెల్లుల్లికీ లైసెన్సు కావాలా? చేపల రైతుల ప్రశ్నలు, జవాబులు

కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం... కొల్లేటి చుట్టూ ఏ ఆక్వా మందుల షాపులోకి తొంగి చూసినా ఇప్పుడు అరల నిండా 'నేచురల్' డబ్బాలే. వెల్లుల్లి సారం, పసుపు సారం, వేప, ఈస్ట్, ప్రోబయోటిక్. యాంటీబయాటిక్‌ల మీద కట్టడి బిగిసేకొద్దీ ఈ డబ్బాల వరస పొడుగవుతోంది. దాంతోపాటు రైతుల సందేహాలూ పెరుగుతున్నాయి. సరుకు సహజమైనదన్న ఒక్క కారణంతో చట్టం దాన్ని వదిలెయ్యదు. మీ ఇంట్లో నూరిన వెల్లుల్లి వంటింటి సరుకు. అదే డబ్బాకెక్కి అమ్మకానికొస్తే మేత. ఆ డబ్బా మీద 'రోగం తగ్గిస్తుంది' అని రాస్తే మందు. ఒక్కో మెట్టుకీ ఒక్కో చట్టం కాపలా ఉంది.

వెల్లుల్లి, పసుపు నేనే నూరి తవుడులో కలుపుతున్నాను. ఎవరి అనుమతైనా తీసుకోవాలా?

అక్కర్లేదు. 2020లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చేపల మేత (నాణ్యత నియంత్రణ) చట్టం లైసెన్సు అడిగేది మేత వ్యాపారం చేసేవాళ్లని. సొంత చెరువుకి కలుపుకునేవాళ్ల జోలికి రాదు. అయితే పక్క చెరువు ఆయన బాగుందన్నాడని ప్యాకెట్లు కట్టి అమ్మడం మొదలుపెట్టారో, ఆ రోజు నుంచి మీరూ వ్యాపారే.

కలిపే తీరు గురించీ ఒక మాట. వెల్లుల్లిలో పనిచేసే ఘాటు నలగ్గొట్టినప్పుడే పుడుతుంది, నిలవుంటే పోతుంది. రాత్రి నూరి పెట్టి పొద్దున్న కలిపితే మిగిలేది వాసనే. ఏ పూటకాపూట నూరుకోవాలి. ఇంకో సంగతి: గోతాం అడుగున చిల్లులు పొడిచి వెదురు గెడలకి వేలాడగట్టే మన పద్ధతిలో, పొడి మందు తవుడు మీద ఊరికే చల్లితే చేప నోటికి అందేలోపే నీళ్లలో కలిసిపోతుంది. గంజో, కాస్త నూనో, బైండరో పట్టించి, నీడన ఆరబెట్టి అప్పుడు గోతాలకెత్తండి.

అసలు ఇవి పనిచేస్తాయా?

కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనులకే. ఈస్ట్ సంగతే చూడండి. దాని కణం గోడలో బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. చేప రక్షణ కణాలు దాన్ని చూసి ఏదో బూజు దాడికొచ్చిందనుకుని మేల్కొంటాయి. తర్వాత నిజంగా శత్రువు వస్తే సిద్ధంగా ఉంటాయి. అంటే ఇది రోగం రాకముందు పెట్టాల్సింది. చేపలు గట్టున తేలడం మొదలయ్యాక డబ్బా విప్పితే లాభం లేదు. రోజూ, ఏడాది పొడుగునా పెట్టడమూ మంచిది కాదు. నిత్యం గంట మోగుతుంటే చివరికి ఎవరూ లేవరు కదా, అలాగే. వాతావరణం మారే ముందు, పిల్లల్ని మార్పిడి చేసే ముందు కొన్నాళ్లు పెట్టి ఆపాలి.

నా అభిప్రాయం అడిగితే, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే చెరువులో శీలావతికి ఎంత పసుపు పెట్టినా ఒకటే. ముందు నీళ్లు, తర్వాతే డబ్బాలు.

'ఎర్రమచ్చ తగ్గుతుంది, పేను పోతుంది' అని డబ్బా మీద రాసుంది. అలా రాయొచ్చా?

మందు లైసెన్సు ఉంటేనే రాయాలి. మందుల, సౌందర్య సాధనాల చట్టం 1940 నాటిది. మనుషులకే కాదు, జంతువుల రోగాన్ని నయం చెయ్యడానికో, రాకుండా ఆపడానికో వాడే పదార్థాన్నీ అది మందుగానే లెక్కేస్తుంది. మూలికలతో చేసి ఆయుర్వేద మందుగా అమ్మినా, ఆ తయారీకి లైసెన్సు ఉండాలి, లేబుల్ మీద ఏ మూలిక ఎంత కలిపారో పేరుతో సహా రాయాలి.

మొన్న ఒక షాపులో ఇలాంటి డబ్బా చేతిలోకి తీసుకుని చూశాను. ముందువైపు వేలెడంత అక్షరాలతో 'నూరు శాతం సహజం', కింద నాలుగు రోగాల పేర్లు. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలతో 'ఫీడ్ సప్లిమెంట్, మందు కాదు' అని ఉంది. లైసెన్సు నంబరు వెతికాను, లేదు. ముందువైపు మందు, వెనకవైపు మేత. రెండింటి లాభమూ కావాలి, ఒక్కదాని బాధ్యతా వద్దు. ఇలాంటిది కనిపిస్తే కొనకుండా రెండు వైపులా ఫొటో తీసి మత్స్యశాఖ అధికారికి పంపండి.

మొక్కల మందుకి నిషేధం ఏంటండీ? అది యాంటీబయాటిక్‌కి కదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2011 నిబంధనల్లో చేపలు, రొయ్యల విషయంలో వాడకూడని పదార్థాల జాబితా ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు, నియోమైసిన్ లాంటి పేర్ల పక్కనే అరిస్టోలోకియా జాతి మొక్కలు, వాటితో చేసినవన్నీ అని కూడా రాసుంది. అరిస్టోలోకియా అంటే ఎక్కడో విదేశీ మొక్క కాదు. మన చేలగట్ల మీద పాకే గాడిదగడప, నాటువైద్యుల ఈశ్వరి తీగ ఆ జాతివే. అందులోని ఆమ్లం మూత్రపిండాల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్‌కీ దారితీస్తుంది. అదే జాబితాలో కోల్చిసిన్ ఉంది. అదీ మొక్కల్లోంచి వచ్చేదే, మన అగ్నిశిఖలోనూ ఉంటుంది. పశువుకి పనికొచ్చిందని తాతలనాటి ఆకుపసరు తెచ్చి చేప మేతలో కలిపే ముందు ఆ ఆకు పేరేంటో తెలుసుకోండి.

డబ్బాలో రహస్యంగా యాంటీబయాటిక్ కలిపారు, చేపలో బయటపడింది. కేసు నామీద పెడతారా?

ఆహార భద్రతా చట్టం 2006లోని 18(3) సెక్షన్ రైతునీ, మత్స్యకారునీ, ఆక్వా సాగునీ ఆ చట్టం పరిధికి బయటే ఉంచింది. చేప మీ గట్టు మీద ఉన్నంతసేపూ ఆ చట్టం మీ మీదికి రాదు. లారీ ఎక్కి వ్యాపారి చేతికి వెళ్లాక వస్తుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కిలో చేపలో 0.1 మిల్లీగ్రాము దాటితే అతను ఇరుక్కుంటాడు. అతనేం చేస్తాడు? మరుసటి పట్టుబడికి మీ చెరువు వైపు రాడు, వచ్చినా ధర కోస్తాడు. కేసు అతని మీద, నష్టం మీ మీద.

అమ్మేవాళ్ల విషయానికొస్తే, ఆహారం కోసం పెంచే జీవాలకీ, ఆక్వా సాగుకీ, మేతలోకీ కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అమ్మకాన్ని కేంద్రం 2019 జులైలోనే ఆపేసింది. ఆహారం కోసం పెంచే జీవాల్లో వాడే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులన్నిటినీ 2025 మార్చిలో నిషేధించింది.

సీఏఏ ముద్ర ఉంటే నమ్మొచ్చా?

కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చే ఆ నమోదు చెప్పేది ఒక్కటే: ఇందులో నిషేధిత యాంటీబయాటిక్‌లు లేవు అని. చేప పెరుగుతుందనీ, రోగం రాదనీ కాదు. ఇంకో విషయం, ఆ అథారిటీ చట్టం ఉప్పునీటి సాగుకి సంబంధించింది. మంచినీటి చెరువుల్ని అందులోంచి మినహాయించారు. బొచ్చె, శీలావతి రైతుకి ఆ ముద్ర ఒక ఆధారం, అంతే.

ఇంగ్లీషు మందు వాడక తప్పలేదు. ఎన్నాళ్లాగి పట్టుబడి చెయ్యాలి?

లేబుల్ మీద గడువు ఉంటుంది, అదే పాటించాలి. ఆ మందుకి విడిగా గడువు తేల్చి ఉండకపోతే, 2012లో మార్చిన మందుల నిబంధనల ప్రకారం చేప మాంసానికి అది 500 డిగ్రీ రోజులకి తగ్గకూడదు. నీటి వేడిని రోజులతో గుణిస్తే 500 కావాలన్నమాట. నీళ్లు 28 డిగ్రీలుంటే 18 రోజులు. చలికాలంలో 23కి దిగితే 22 రోజులు. చలికి చేప ఒంట్లో మందు నెమ్మదిగా కరుగుతుంది, అందుకే ఈ లెక్క.

కోడి వ్యర్థాలు కూడా సహజమే కదా?

కుళ్లిపోవడమూ సహజమే. చెరువుల్లో వాటి వాడకం మన రాష్ట్రంలో నిషేధం. వ్యాన్లు పట్టుకుంటున్నారు, కేసులు పెడుతున్నారు.

డబ్బా పనిచెయ్యలేదు, చేపలు పోయాయి. డబ్బు రాబట్టుకునే దారి ఉందా?

ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. 'నువ్వు వ్యాపారం కోసం కొన్నావు, వినియోగదారుడివి కాదు' అని కంపెనీ లాయరు మొదటిరోజే అంటాడు. సొంతంగా కష్టపడి బతుకుతెరువు కోసం చేసేది వాణిజ్యం కిందికి రాదని చట్టంలోనే ఉంది. పదెకరాలు స్వయంగా చేసుకునే కౌలురైతుకి ఈ రక్షణ దొరుకుతుంది. మేనేజర్లని పెట్టి వందల ఎకరాలు చేసేవాళ్లకి కష్టం.

ఇందుకో ఉదాహరణ: నాసిరకం విత్తనాలతో నష్టపోయిన మన రాష్ట్ర రైతుల మీద నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకి వెళ్తే, 2012లో తీర్పు రైతుల పక్షానే వచ్చింది. విత్తనాల చట్టం విడిగా ఉన్నా, రైతు వినియోగదారుల ఫోరానికి రావచ్చంది కోర్టు. కొన్న విత్తనమంతా చల్లేసిన రైతు దగ్గర పరీక్షకి గింజలు దాచిపెట్టి ఉంటాయని ఆశించడం తగదని కూడా అంది. అయినా మీరు మాత్రం ప్రతి బ్యాచ్‌లో ఒక డబ్బా సీలు విప్పకుండా అట్టేపెట్టండి. చచ్చిన చేపల ఫొటోలు తేదీతో సహా తియ్యండి, గ్రామ మత్స్య సహాయకుడిని పిలిచి నష్టం రాయించండి.

గడువు రెండేళ్లు. సరుకు విలువ 5 లక్షల్లోపైతే ఫీజు లేదు, 50 లక్షల వరకూ జిల్లాలోనే. కేసు మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కంపెనీ ఊరికి పోనక్కర్లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

అరువుకి తెచ్చుకున్నాను. షాపాయన బిల్లు ఇవ్వలేదు.

అరువైనా మీరు వినియోగదారుడే. డబ్బు ఇస్తానని మాటిచ్చినా చట్టం ఒప్పుకుంటుంది. ఇక బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టమే అనుచిత వ్యాపార పద్ధతి అంది. అడగడానికి మొహమాటపడతాం, ఏటా అరువిచ్చేవాడాయె. పోనీ బిల్లు పుస్తకం తెరవకపోతే, డబ్బా పేరు, బ్యాచ్ నంబరు, ధర వాట్సాప్‌లో పంపించమనండి. 'సరే అన్నా' అని ఆయన బదులిచ్చినా అదొక ఆధారమే.

యాంటీబయాటిక్ ముట్టకుండా పెంచాను. 'ఆర్గానిక్ చేప' అని బోర్డు పెట్టుకోవచ్చా?

ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ సేంద్రియ ధ్రువీకరణ లేకుండా కుదరదు. ఏడాది అమ్మకం 12 లక్షలు మించని చిన్న రైతు, తినేవాళ్లకి నేరుగా అమ్మితే 2017 సేంద్రియ ఆహార నిబంధనల్లో మినహాయింపు ఉంది. అప్పుడు కూడా సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ గుర్తు వెయ్యకూడదు. 'వెల్లుల్లి, పసుపు కలిపిన మేతతో పెంచిన చేప' అని ఉన్నదున్నట్టు రాసుకోండి, దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.