పెళ్లి కుదరదన్నారు, సివిల్ యూనియన్ అయినా కుదురుతుందా?

ప్రశ్న: మేమిద్దరం మహిళలం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా పెళ్లిని చట్టం ఒప్పుకోదని తెలుసు. కనీసం సివిల్ యూనియన్‌గా రిజిస్టర్ చేయించుకునే దారి ఉందా? ఫ్లాట్ నా పేరు మీద ఉంది, ఈఎంఐ సగం తనే కడుతోంది. మా వాళ్లకు తనంటే గిట్టదు. రేపు నాకేదైనా అయితే తన పరిస్థితి ఏమిటి?

జవాబు: దారి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ అలాంటి రిజిస్టర్ లేదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘సివిల్ యూనియన్ అగ్రిమెంట్’ రాసి నోటరీ ముద్ర వేయించి ఇస్తామని ఎవరైనా అంటే నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. ఇంటి ఖర్చులు, సామాను, అప్పుల గురించి మీ ఇద్దరి మధ్య ఒప్పందంగా ఆ కాగితం కొంత పనికొస్తుంది. ఆసుపత్రినీ, బ్యాంకునీ, మీ అన్నదమ్ములనీ అది కట్టడి చేయలేదు.

అసలు ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మీ ఊరి నుంచే. హైదరాబాద్‌లో ఉంటున్న ఒక జంట 2022లో వేసిన పిటిషన్ పేరుతోనే దాన్ని సుప్రియో కేసు అంటున్నారు. అయిదుగురు జడ్జీల ధర్మాసనం పది రోజులు విని, 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పింది. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదనీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో ‘పురుషుడు, స్త్రీ’ అని ఉన్నచోట కోర్టు వేరే మాట చేర్చలేదనీ అయిదుగురూ ఒకే మాట మీద ఉన్నారు. పేచీ వచ్చింది మీరడిగిన సివిల్ యూనియన్ దగ్గరే. ఇద్దరు కలిసి బతకాలనుకుంటే ఆ బంధాన్ని గుర్తించి, దానికి తగిన హక్కులు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. కలిసి ఉండే స్వేచ్ఛ ఉంది గానీ, దానికి చట్టబద్ధమైన హోదా కల్పించమని ప్రభుత్వాన్ని ఆదేశించడం కోర్టుకు కుదరదని జస్టిస్ భట్, జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ నరసింహ అన్నారు. ముగ్గురి మాట నెగ్గింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు. కాబట్టి బంతి ఇప్పుడు పార్లమెంటు కోర్టులో ఉంది.

ఇక పెళ్లా, సివిల్ యూనియనా అన్న వాదన. పెళ్లి అనే మాట మతాలకూ సంప్రదాయానికీ ముడిపడి ఉంది కాబట్టి దాన్ని వదిలేసి, హక్కులు మాత్రం వేరే పేరుతో ఇస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. అందరికీ ఒక వాకిలి, మాకు పెరటి గుమ్మమా అని స్వలింగ జంటలు అడుగుతాయి. రెండు వైపులా మాట్లాడేవాళ్లు పేరు దగ్గరే ఆగిపోతున్నారని నాకనిపిస్తుంది. ఆ పేరు వెనక ఏయే చట్టాలు కదులుతాయో ముందు చూడాలి. ఫ్రాన్స్ 1999లో ‘పాక్స్’ అనే ఏర్పాటు తెచ్చింది. ఆడ, మగ జంటలు కూడా దాన్ని విపరీతంగా వాడుకుంటున్నాయి. కానీ పాక్స్ చేసుకున్నవాళ్లలో ఒకరు వీలునామా రాయకుండా చనిపోతే రెండోవాళ్లకు వారసత్వం రాదు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 2000లో సివిల్ యూనియన్ తెచ్చి, భార్యాభర్తలకు రాష్ట్రం ఇచ్చే హక్కులన్నీ ఇచ్చింది. కేంద్ర చట్టాలు మాత్రం దాన్ని పట్టించుకోలేదు. వీసాలు ఇచ్చేది కేంద్రమే కదా. ఇవాళ్టికీ అక్కడ హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు స్వలింగ వివాహం చేసుకుంటే భాగస్వామికి హెచ్4 వీసా వస్తుంది, సివిల్ యూనియన్ అయితే రాదు. అక్కడి పెళ్లి సర్టిఫికెట్ పట్టుకుని శంషాబాద్‌లో దిగితే ఇక్కడ అది చెల్లదు, అది వేరే కథ. థాయ్‌లాండ్ వెళ్లి చేసుకొచ్చినా అంతే.

అందుకే నా ఓటు అడిగితే, హిందూ వారసత్వ చట్టాన్ని, పీఎఫ్, ఆదాయపు పన్ను నిబంధనలను ముట్టుకోని సివిల్ యూనియన్ చట్టం రేపు వచ్చినా మీకు ఒరిగేది తక్కువ. ముట్టుకుంటే దానికి ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. (పేరు కూడా గౌరవమేనని మీరంటే కాదనను. వకీలును కదా, నా కళ్లు ముందు సెక్షన్ల మీదకే పోతాయి.)

మీ ఫ్లాట్ సంగతి చూద్దాం, తొందరగా సర్దుకోవాల్సింది అదే. మీరు హిందువు, అవివాహిత అనుకుని చెబుతున్నాను. వీలునామా లేకుండా మీకు జరగరానిది జరిగితే ఫ్లాట్ మీ అమ్మానాన్నలకు వెళుతుంది, వాళ్లు లేకపోతే మీ నాన్నగారి వారసులకు, అంటే మీ తోబుట్టువులకు. సగం ఈఎంఐ కట్టిన ఆవిడకు చదరపు అడుగు కూడా రాదు. డబ్బు నాదీ ఉందని ఆవిడ కోర్టుకు వెళితే బినామీ చట్టం అడ్డు తగలవచ్చు. భార్య పేరునో, భర్త పేరునో కొన్న ఆస్తికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. మీ బంధం ఆ మినహాయింపులోకి రాదు. ఈఎంఐ కోసం ఆవిడ మీ ఖాతాకు నెలనెలా పంపుతున్న డబ్బుకు లెక్క రాసుకోండి. అది అప్పా, వాటానా అని ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి ఉంచుకోండి.

సగం వాటా ఇప్పుడే ఆవిడ పేరున రాసేద్దామనుకుంటే తొందరపడకండి. లోను ఉంది కాబట్టి బ్యాంకు ఒప్పుకోవాలి. గిఫ్ట్ డీడ్ అయితే కుటుంబ సభ్యులకు ఉండే స్టాంపు డ్యూటీ రాయితీ మీకు రాదు. పైగా ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో ఆవిడ మీకు బంధువు కాదు. యాభై వేలు దాటిన ఆస్తి బంధువు కాని మనిషి నుంచి ఉచితంగా వస్తే, దాని స్టాంపు విలువను తీసుకున్నవాళ్ల ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. అదే ఆస్తి వీలునామా ద్వారా వస్తే ఆ పన్ను లేదు. కాబట్టి ఇప్పటికి వీలునామా రాయండి. ఇక ముందు కొనేవి మాత్రం ఇద్దరి పేర్ల మీదే, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించి కొనండి.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, వాళ్లూ పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా మీ విషయంలో చేయించడమే మేలు. మీవాళ్లకు ఆవిడంటే గిట్టదని మీరే చెబుతున్నారు కదా. ఆస్తి పొందే మనిషిని సాక్షిగా పెట్టకండి. ఆ రోజు మీరు మంచి స్పృహలో ఉన్నారని డాక్టరు సర్టిఫికెట్ జత చేయండి. అమ్మానాన్నలకు ఎందుకు ఇవ్వడం లేదో రెండు వాక్యాల్లో రాయండి. కారణం చెప్పకుండా దగ్గరివాళ్లను తప్పిస్తే కోర్టులు అనుమానంగా చూస్తాయి.

నామినీగా ఆవిడ పేరు రాశాను కాబట్టి సరిపోతుందనుకోవద్దు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప హక్కుదారు కాదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో షేర్ల కేసులో మళ్లీ చెప్పింది. జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లదే అవుతుంది. మీ భాగస్వామి ఆ జాబితాలో లేదు. అందుకని పాలసీలు, డిపాజిట్లు, షేర్లు అన్నీ వీలునామాలో ఎక్కించండి. పీఎఫ్‌తో ఇంకో చిక్కు. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటే బయటి మనిషి పేరున వేసిన నామినేషన్ చెల్లదు. బ్యాంకుల వరకు గొడవ లేదు. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. కౌంటరులో కుదరదంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఆసుపత్రి విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. మీరు స్పృహలో ఉన్నంతవరకు ఆపరేషన్‌కు మీ సంతకమే చాలు. స్పృహ తప్పితేనే సమస్య. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అంటారు గానీ, ఇచ్చినవాళ్ల మతి చెడితే మామూలు పవర్ ఆఫ్ అటార్నీ ఆగిపోతుంది, అవసరం పడేది సరిగ్గా అప్పుడే. సుప్రీంకోర్టు 2018లో అనుమతించి 2023లో సులభం చేసిన ముందస్తు వైద్య ఆదేశం ఒకటుంది. ప్రాణాంతక స్థితిలో వైద్యం ఎంతవరకు కొనసాగించాలో అందులో రాసి, మీ తరఫున నిర్ణయించే మనిషిగా ఆవిడ పేరు పెట్టవచ్చు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. మానసిక చికిత్సకైతే 2017 చట్టం కింద తెల్లకాగితం మీద రాసి మీకు నచ్చిన, మైనరు కాని మనిషిని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు, చుట్టరికం అక్కర్లేదు.

ఏ కాగితంతోనూ పూడనివి కొన్ని ఉన్నాయి. జంటగా దత్తత తీసుకోలేరు, ఒకరు ఒంటరిగా తీసుకోవచ్చు. విడిపోతే భరణం లేదు.

మీవాళ్లు బలవంతంగా తీసుకెళ్తారన్న భయం ఉంటే, అక్కడ మాత్రం చట్టం మీ పక్షాన గట్టిగానే ఉంది. కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో వాళ్ల ఇష్టాన్నే నిలబెట్టి, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దంది. ఇలాంటి హెబియస్ కార్పస్ కేసుల్లో, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే కేసుల్లో, ఆ అమ్మాయితో జడ్జి విడిగా, ఇంటివాళ్లు పక్కన లేకుండా మాట్లాడాలనీ, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయకూడదనీ అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టులకూ చెప్పింది. ఇద్దరి ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ కాపీలు నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఒక సెట్ ఉంచండి. వయసు రుజువు అక్కడే అడుగుతారు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.