నొప్పి లేని గడ్డ

మన శరీరం కణాలతో నిర్మితమైనదని మీరు చదువుకున్నారు. చర్మం తెగినప్పుడు అక్కడి కణాలు విభజన చెంది, గాయం పూడగానే ఆగిపోతాయి. జన్యువుల్లో కలిగిన మార్పుల వల్ల కొన్ని కణాలు ఈ అదుపు తప్పి పెరగడమే క్యాన్సర్. రొమ్ములోని పాలగ్రంథుల్లోగాని, పాలనాళాల్లోగాని ఇది మొదలైతే రొమ్ము క్యాన్సర్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు.

లెక్క వేసి చూద్దాం

ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఏ కణమూ చావదనుకుంటే 10 రెట్టింపులకు 1,024 కణాలు, 20కి పది లక్షల పైచిలుకు, 30కి సుమారు 107 కోట్లు! ఇవన్నీ కలిసి దాదాపు ఒక సెంటీమీటరు గడ్డ, అంటే పెద్ద శనగగింజంత. అడ్డుకొలత 2 సెంటీమీటర్లు కావాలంటే ఘనపరిమాణం 2×2×2, అంటే 8 రెట్లు పెరగాలి. అందుకు ఇంకా మూడు రెట్టింపులు చాలు. గడ్డ చేతికి తగిలిన తర్వాత ఆలస్యం ఎందుకు చేయరాదో ఇప్పుడు తెలిసింది కదా!

చిక్కు ఏమిటంటే, ఈ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. మా మేళ్లచెరువు వంటి ఊళ్లలో నొప్పి ఉంటేనే దవాఖానకు పోతారు. పైగా చెప్పుకోవడానికి సిగ్గు.

ఎవరికి రావచ్చు?

వయసుతోపాటు అవకాశం పెరుగుతుంది. తల్లికిగాని, తోబుట్టువుకుగాని వచ్చివుంటే అవకాశం సుమారు రెట్టింపు. అయినా ఎక్కువమంది రోగుల ఇళ్లలో అంతకుముందు ఎవరికీ వచ్చివుండదు. 1994లో గుర్తించిన బి.ఆర్.సి.ఎ.-1 జన్యువులోని లోపం తండ్రి నుంచి కూడా సంక్రమించవచ్చు. అరుదుగా మగవారికీ ఈ వ్యాధి వస్తుంది.

పరీక్ష ఎలా?

మామోగ్రాం అనే ఎక్స్‌రే చేతికి అందని గడ్డను కూడా చూపగలదు. అది లేనిచోట శిక్షణ పొందిన చేతులే సాధనం. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో 1,51,538 మంది స్త్రీలతో ఒక పరిశోధన ప్రారంభించారు. సగం మందికి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష జరిగినవారిలో వ్యాధి ముందు దశలోనే బయటపడింది. 50 ఏళ్లు, ఆ పైబడినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువారిలో అంత స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష జరపాలని కేంద్రప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది.

నివారణ

వయసును, జన్యువులను మార్చలేం. కాని బిడ్డకు చనుబాలివ్వడం, శరీరశ్రమ, బరువు అదుపులో ఉంచుకోవడం, మద్యం ముట్టకపోవడం ముప్పును తగ్గిస్తాయి. 30 దేశాల సమాచారాన్ని 2002లో పరిశీలించగా, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ముప్పు 4.3 శాతం తగ్గినట్లు తేలింది.

ఇంట్లో చెప్పండి

రొమ్ములోగాని, చంకలోగాని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం కారడం – వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం ఎదురుచూడరాదు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. ఆ మాట తేల్చవలసింది మాత్రం డాక్టరే. ఈ పాఠం అమ్మకు, నాయనమ్మకు చదివి వినిపించండి.

ప్రశ్న: 1 సెం.మీ. గడ్డ 4 సెం.మీ. కావడానికి ఎన్ని రెట్టింపులు కావాలి? (జవాబు: 6)