సోర్సా, ప్యాకేజీయా?

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. డెబియన్ వాడుతున్నాను. సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసుకుంటే వేగం పెరుగుతుందని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, పాల్వంచ

జవాబు: రోజువారీ పనులకు, సిద్ధంగా ఉన్న ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ‘ఆప్ట్’ చాలండి. డెబియన్ ప్యాకేజీలను ఎక్కువ రకాల ప్రాసెసర్లపై నడిచేలా కంపైల్ చేస్తారు. మీ ప్రాసెసర్‌కు తగ్గట్టు మళ్లీ చేసుకుంటే భారీ లెక్కలు చేసే ప్రోగ్రాముల్లో కొంత లాభం ఉండొచ్చు. బ్రౌజర్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో మీకు తేడా తెలియదు. పైగా 4 జీబీతో లిబ్రేఆఫీస్ కంపైల్ మొదలుపెడితే గంటల తరబడి ఫ్యాన్ మోగుతుంది. మెమరీ నిండిందా, కెర్నల్ కంపైలర్‌నే ఆపేస్తుంది. తెరపై ‘కిల్డ్’ అన్న ఒక్క మాట మిగులుతుంది.

నాకు అంతకన్నా పెద్ద భయం భద్రత గురించి. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొట్టినప్పుడు మీరు సొంతంగా కంపైల్ చేసినవి అప్‌డేట్ కావు. ఆ బాధ్యత మీదే.

అలాగని సోర్స్‌ను వదిలేయకండి. స్వేచ్ఛ బృందం డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయగలిగిందంటే సోర్స్ అందరికీ అందుబాటులో ఉండబట్టే.

నేర్చుకోవడానికే ఉన్న చిన్న ప్రోగ్రాం ‘గ్నూ హలో’. ఈ ఆదివారం దాని సోర్స్ దించుకుని, మీ హోమ్ ఫోల్డర్‌లోకే ఇన్‌స్టాల్ అయ్యేలా ‘కాన్ఫిగర్’, ‘మేక్’, ‘మేక్ ఇన్‌స్టాల్’ వరుసగా నడపండి. ఎక్కడైనా ఆగితే ఆ ఎర్రర్ మొత్తం రాసి పంపండి.