వాచిన చోట వేడి బాధ

మండుటెండలో తిరిగి చర్మం కమిలినవాని వీపుపై గోరువెచ్చని నీరు పడినా ఉలిక్కిపడతాడు. అదే నీరు ప్రక్కవానికి హాయిగా ఉంటుంది. చూచేవారు దానిని సుకుమారమని పరిహసించడం కద్దు. ఆ పరిహాసం అన్యాయమని మా అభిప్రాయం. ఆ బాధ భ్రాంతి కాదు. నాడీకణాలలో నిజంగా జరిగిన మార్పునకు ఫలితం.

దెబ్బ తగిలిన చోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి కలగడాన్ని వైద్యులు శోథ అంటారు. ఈ నాలుగు లక్షణాలనూ క్రీస్తుశకం 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. అయితే వేడికీ నొప్పికీ గల సంబంధం విశదమైనది చాలాకాలం తరువాతనే.

1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం, మిరపకాయ కారానికి మూలమైన కాప్సైసిన్‌ను గుర్తించే ప్రోటీనును కనుగొన్నది. నేడు దానిని టి.ఆర్.పి.వి.1 అంటున్నారు. జ్ఞాననాడుల కొసలలో అది ఒక ద్వారం వంటిది. వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకొని, సోడియం, కాల్షియం అయాన్లను లోనికి పంపుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం వెన్నుపాము ద్వారా మెదడుకు చేరుతుంది. కారం తిని ‘నోరు మండింది’ అనడంలో మన భాష ఎంత నిజం పలికింది! 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి జూలియస్‌కు నోబెల్ బహుమానం లభించింది.

ఇక శోథ కలిగిన చోట ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ వంటి పదార్థాలు విడుదలవుతాయి. ఆమ్లత్వం కూడా హెచ్చుతుంది. ఆ పదార్థాలు నాడిలోని కొన్ని ఎంజైములను ప్రేరేపించగా, అవి పైన చెప్పిన ప్రోటీనుకు ఫాస్ఫేటును జతచేస్తాయి. దానితో తలుపు గడియ వదులైనట్లవుతుంది. 43 డిగ్రీలకు గాని తెరుచుకోనిది అంతకంటె చాలా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. శోథ తీవ్రమైనచో శరీరపు స్వంత వెచ్చదనమే చాలు. బయటి వేడితో పని లేదు.

ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆస్పిరిన్ అడ్డగిస్తుందని 1971లో బ్రిటన్‌లో జాన్ వేన్ చూపాడు. అనగా ఆ మాత్ర నాడిని మొద్దుబరచదు. గడియను వదులుచేసే పదార్థాన్ని తగ్గిస్తుంది.

మరి ఆ ద్వారాన్నే మూసివేసే మందు ఇవ్వరాదా అని విద్యార్థులు అడుగవచ్చు. అట్టి మందులు మనుష్యులపై పరీక్షింపబడినవి. కొందరిలో శరీర ఉష్ణోగ్రత జ్వరం వలె పెరిగింది. కాలేంత వేడి కూడ కొందరికి సరిగా తెలియలేదు. అది ఎంత ప్రమాదమో, కుష్ఠువ్యాధి వలన స్పర్శ కోల్పోయి, పొయ్యిమీది గిన్నెను పట్టుకొని చేతులు కాల్చుకొన్న రోగులను చూచినవారు ఎరుగుదురు.