రేడియో పాట

హైదరాబాదులో రేడియో మొదట అబిడ్స్‌లోనే మోగింది. 1930లలో చిరాగ్ అలీ గల్లీలో దక్కన్ రేడియో పెట్టారు. ఇప్పటి ఆకాశవాణి నాంపల్లికి దగ్గర్లో, సైఫాబాదులో ఉంది.

రేడియో వచ్చాక ఆడవాళ్ల పాట ఇంటింటికీ చేరింది. అట్లా చేరిన గొంతుల్లో రావు బాలసరస్వతి గారిది ఒకటి. తేలిక మాటలతో పాడే లలిత గీతాలంటే ఆమె పేరే చెప్పేవారు.

ఆమె 1928లో వెంకటగిరిలో పుట్టారు. ఆరేళ్లకే గ్రామఫోను రికార్డుకు పాడారు. 1943లో ‘భాగ్యలక్ష్మి’ సినిమా వచ్చింది. తెర మీద పెదవులు కదిపింది కమలా కోట్నీస్. పాడింది బాలసరస్వతి. తెలుగులో తొలి నేపథ్య గాయని ఆమే అంటారు. నేపథ్యం అంటే తెర వెనక.

1944లో కొలంక రాజావారితో పెళ్లయింది. ఇంట్లో దేనికీ లోటు లేదు. కానీ ఆమె సినిమాల్లో పాడటం భర్తకు నచ్చలేదు. అయినా కొన్నేళ్లు పాడారు. 1953 నాటి ‘దేవదాసు’లో కూడా ఆమె గొంతు వినిపిస్తుంది. తర్వాత మానేశారు. గొంతు చెడి కాదు. పాడమనే వాళ్లు లేక కాదు.

2025 అక్టోబరులో హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 97 ఏళ్లు.

చెప్పండి, రాయండి: మీ వాడలో పెళ్లయ్యాక పాట మానేసిన వాళ్లు ఎవరు? వాళ్లకు వచ్చిన పాట ఒకటి అడిగి రాసుకోండి.